ఏడో వరుసలో రెండు గీతలు

నా బీరువాలో చీరల కింద అరచేయంత చీటీ ఒకటి ఉంది. ఇరవై ఆరేళ్ల నాలుగు నెలలుగా ఉంది. చింపలేదు, ఎవరికీ చూపలేదు. ఈలోగా రెండు ఇళ్లు మారాను. రెండుసార్లూ అన్నిటికంటే ముందు దాన్నే తీసి రవికెలో దోపుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను.

రాయచూరులో ఒక చిన్న మ్యూజియంలో రిజిస్టర్ రాసేదాన్ని. శనివారాలు బడిపిల్లలకు పాఠం కూడా చెప్పేదాన్ని. ఒక పాత వస్తువు ముందు కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు వేయించేదాన్ని. ఇదేమిటి? ఎవరిది? ఎట్లా వాడేవారు? ఈ సంగతి మనకెట్లా తెలుసు? నాలుగో దానికి జవాబు కూడా నేనే నేర్పాను. రిజిస్టర్‌లో రాసి ఉంది కాబట్టి.

గురువారాలు ఊళ్ల నుంచి ఆడవాళ్లు తమ ఇంటి వస్తువు తెచ్చి పిల్లలకు దాని కథ చెప్పేవారు. కొందరు దాన్ని మ్యూజియానికే ఇచ్చేసేవారు. కొందరు కొన్నాళ్లు చూపడానికి అరువిచ్చి తీసుకుపోయేవారు. ఆ గురువారం దేవసూగూరు వైపు నుంచి పదకొండు మంది వచ్చారు. కరెంటు ప్లాంటులో కొత్త యూనిట్ పని నడుస్తున్న రోజులవి. సాయంత్రం బస్సులు కూలీలతో కిక్కిరిసిపోయేవి. మూడున్నర బస్సు అందకపోతే వీళ్లకు నిలబడడానికి కూడా చోటు దొరకదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఖాళీ వరుసల మీద ముందే వేలిముద్రలు తీసుకోవడం, వివరాలు చీటీల మీద గీకిపెట్టుకోవడం, మర్నాడు తీరిగ్గా రిజిస్టర్‌కు ఎక్కించడం. అట్లా చేయకూడదని నాకు తెలుసు. కానీ నా రిజిస్టర్‌లో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. పై అధికారి దాన్ని అందరికీ చూపించేవాడు.

ఏడో మనిషి నరసమ్మ. ఆమె తెచ్చింది ఒక ఇత్తడి మానిక. వాళ్ల ఇంట్లో ఏ విత్తనమైనా ఆ మానికతో కొలిచాకే చేనికి పోవాలి. అత్తగారి అత్తగారి నాటి ఆచారం. చేను ప్లాంటుకు పోయింది, మానిక మిగిలింది.

"ఇంట్ల ఉన్నన్ని దినాలు కోళ్లు గూడ దీన్ని తన్నుకుంట పోయినయి. గాజుపెట్టెల పెట్టంగనే కలెక్టరు దర్జా వచ్చె దీనికి!" అని పిల్లలను నవ్వించింది.

మర్నాడు రిజిస్టర్ రాశాను. మొదటి వరుసలో 'శాశ్వతంగా ఇచ్చినది' అని రాసి, కింద పది వరుసలకూ 'పైన రాసినట్టే' అనే రెండేసి గీతలు పెట్టుకుంటూ పోయాను. చీటీలు చూసే రాశానా? పేరూ, వస్తువూ చూశాను. చివరి మాట చూడలేదు. పది మంది శాశ్వతంగానే ఇచ్చారు. పదకొండులో పది సరి. నేనెప్పుడూ పదకొండుకు పదకొండు సరిచూసే మనిషిని.

రెండు నెలల పన్నెండు రోజులకు నరసమ్మ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"టీచరమ్మా, నా మానిక ఇయ్యవా? మట్మారి దిక్కు రెండెకరాలు కౌలుకు దొరికింది. మిరుగు కార్తె వచ్చె, ఇత్తనం కొలవాలె."

"అది నువ్వు ఇచ్చేసినవు కదా నరసమ్మా."

"ఎప్పుడిచ్చిన? రెండు నెలలకు తీస్కపోత అంటి గద!"

రిజిస్టర్ తెరిచాను. "ఇది నీ వేలిముద్రేనా?"

"నాదే. గా మచ్చ సూడు, కొడవలి కోసింది."

"దాని పక్కనే రాసుంది. శాశ్వతంగా ఇచ్చినట్టు."

ఆమెకు చదువు రాదు. అయినా వంగి చాలాసేపు చూసింది. "గీ రెండు గీతలేనా? గీ రెండు గీతలల్ల నా మానిక పోయిందా?"

నేను ఆ వరుస మీద వేలు పెట్టాను. ఆమె నా ముఖం చూసింది, మళ్లీ పుస్తకం చూసింది.

"నీ బుక్కుల ఉంటే నిజమే ఉంటది తియ్యి. నాకే యాద్ లేకపాయె. ముసలిదాన్నైతి."

ఆమె గడప దాటాక సొరుగు తెరిచాను. ఆమె ఉండగానే ఎందుకు తెరవలేదు? ఏముంటుందో అప్పటికే తెలిసినందుకు కాదా? ఏడో చీటీ, నా చేతిరాత: 'రెండు నెలలకు అరువు.' కిటికీలోంచి బస్టాపు కనిపిస్తోంది. కొంగు నెత్తిన కప్పుకొని ఎండలో నిలబడి ఉంది. మూడూ పది అయింది. బస్సుకు ఇరవై నిమిషాలుంది. ఆ రెండు గీతలూ కొట్టేసి, పక్కన మూడు మాటలు రాసి, పిలిస్తే చాలు. కానీ ఆ ఒక్కటీ కొట్టేస్తే, ఖాళీ వరుసల మీద వేలిముద్రలు తీసుకున్న సంగతి బయటపడుతుంది. మిగతా పదీ, అంతకుముందు రాసినవన్నీ అనుమానంలో పడతాయి. నేను అనుమానంలో పడతాను. ఇరవై నిమిషాలూ గడియారం చూస్తూ కూర్చున్నాను. బస్సు వచ్చింది. చీటీ మడిచి రవికెలో పెట్టుకున్నాను.

ఇంతటితో ఆగి ఉంటే బాగుండేది. మరుసటి ఏడాది మానిక కథ చెప్పమని నరసమ్మనే మళ్లీ పిలిపించారు. వచ్చింది. విత్తనం దేనితో కొలిచావని నేను అడగలేదు. పిల్లల ముందు కూర్చుని, "నా చేతుల్తో నేనే ఇచ్చిన దీన్ని, మీరందరు సూడాలెనని" అంది. అబద్ధమాడలేదు, నమ్మింది. నేను పక్కన కూర్చుని ఆ మాట పొల్లుపోకుండా రాసుకున్నాను. ఆమె మానికనే కాదు, దాని గురించి ఆమెకున్న యాదిని కూడా తీసేసుకున్నానని అప్పుడు తెలిసింది. తెలిసీ రాశాను.

నరసమ్మ పోయి పదకొండేళ్లు. కూతురు మట్మారిలోనే ఉందట. నేను వెళ్లలేదు. ఇక్కడ రాయడం ఆ గుమ్మం ముందు నిలబడడం కంటే సులువని తెలుసు. ఆ సులువునే పట్టుకున్నాను. చెప్పాను, అంతవరకే నా తేలిక.

ఆ వరుస ఎట్లా ఉండాలో ఈ ఉదయం తెల్లకాగితం మీద రాసుకున్నాను. వరుస ఏడు. ఇత్తడి మానిక, ఒకటి. తెచ్చినది నరసమ్మ. రెండు నెలలకు అరువు. తిరిగి అడిగింది. ఇవ్వలేదు.

చివరి మాట దగ్గర అక్షరం చెడింది. కొట్టేసి మళ్లీ రాశాను.