నాలుగున్నర గంటలు వెనక

మా అమ్మ ఫోనెత్తగానే అడిగే మొదటి మాట "తిన్నావా" కాదు. "ఆడ టైమెంత పాపా?" అని. నేను చదువుకి జర్మనీ వెళ్ళిన రోజు నుంచీ అంతే. చెన్నై సౌకార్‌పేటలో మా సందులో, టి. నగర్ దుకాణాల చీరలకు ఫాల్స్ కుడుతూ కుట్టుమిషను ముందు కూర్చుని, నేను చెప్పిన టైము విని పక్కింటావిడకు అందించేది: "మనకి సాయంత్రం ఆరు గదా, మా పాపకి ఇంకా మధ్యాన్నమే." సూర్యుణ్ణి అక్కడ నేనే పట్టుకుని ఆపినంత గొప్పగా చెప్పేది.

ఆ సంతోషాన్ని పాడుచెయ్యడానికి నోరు రాక, ఏడు నెలలు నేను చెన్నైలోనే ఉండి జర్మనీ టైము చెప్పాను.

ఇంట్లో మేమిద్దరమే. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నాకు అక్కడ సీటు వచ్చినప్పుడు మా సందు వాళ్ళు నా ఫోటోతో అరవంలో ఒక బ్యానరు కట్టారు. మా సందు నుంచి విమానమెక్కిన మొదటి ఆడపిల్లనట. ఫోటోలో నా మొహం అవసరమైన దానికంటే తెల్లగా ఉంది. నేను వెళ్ళాక కూడా అమ్మ దాన్ని విప్పనివ్వలేదు.

అక్కడ ఊరు చిన్నది, శుభ్రమైనది, మాట్లాడనిది. ట్రాములో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే మనుషులు. నాతో గదిలో ఉండే వరంగల్ అమ్మాయి ఒక్కతే నాకు మనిషి గొంతు. నాకంటే రెండేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. అమ్మతో మాట్లాడినప్పుడల్లా నేను గొప్పలే చెప్పాను. "ఇక్కడ కరెంటు పోనే పోదమ్మా, రెండేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదు," అని ఒకరోజు అన్నాను. ఆ మాట తర్వాత నా మెడకే చుట్టుకుంది.

మా కోర్సులో ఒక నియమం ఉండేది. ఒకే పరీక్ష మూడుసార్లు తప్పితే ఇక ఆ చదువు ఆ దేశంలో ఇంకెక్కడా చదవడానికి వీల్లేదు. గణితంలో ఒక పేపరు నాకు కొరకరాని కొయ్య అయింది. మొదటిసారి తప్పినప్పుడు నవ్వుకున్నాను. రెండోసారి ఎవరికీ చెప్పలేదు. మూడోసారి ఫలితం ఒక ఉత్తరంగా వచ్చింది, చాలా మర్యాదగా రాశారు. చివర్లో శుభాకాంక్షలు కూడా ఉన్నాయి.

ఆగస్టులో చెన్నైలో దిగాను. బయట ఆటో డ్రైవరు ఎక్కడికని అడిగితే నా నోరు సౌకార్‌పేట అనబోయింది. బ్యానరు గుర్తొచ్చింది. ఊరికి ఆ చివర, ఆడపిల్లల హాస్టళ్ళుండే షోళింగనల్లూరు అన్నాను. ఒక ఉద్యోగం దొరికేదాకా, ఒక నెల, అంతే అనుకున్నాను.

ఉద్యోగం రెండు వారాల్లోనే దొరికింది. చదువు అబ్బలేదు కానీ ఆ భాష కొంచెం అబ్బింది కదా, జర్మనీలో వాషింగ్ మిషన్లు పాడైన వాళ్ళు రాసే ఉత్తరాలకు వాళ్ళ భాషలో జవాబులు రాసే పని. రోజంతా ఆ దేశం వాళ్ళకు క్షమాపణలు చెప్పేదాన్ని. ఇంటికి మాత్రం వెళ్ళలేదు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. అతికించడంలో నేను మా అమ్మ కూతుర్నే, కుట్టు బయటికి కనిపించనివ్వలేదు.

వాట్సాప్‌లో ఆ దేశం నంబరే ఉంచాను. వీడియో కాల్ మాత్రం మానేశాను, నెట్ సరిగా లేదన్నాను. ఫోన్లో వాతావరణం చూపించే చోట ఆ ఊరి పేరే ఉంచాను. అమ్మ అడిగితే చూసి చెప్పేదాన్ని. చెన్నైలో చెమటలు కారుతుంటే, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయనేదాన్ని. అక్టోబరు చివర్లో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా ఉన్న మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది. ఆ ఆదివారం షోళింగనల్లూరు హాస్టల్లో మంచం మీద కూర్చుని, నేను ఒక్కదాన్నే లెక్క మార్చుకున్నాను. ఇంత పెద్ద ఊళ్ళో ఆరోజు టైము మారింది నాకొక్కదానికే. అంత ఒంటరితనం నాకు ఆ దేశంలో కూడా తెలియదు. అక్కడ కనీసం ఇల్లు దూరంగా ఉందన్న సాకు ఉండేది.

ఒక శనివారం ఉండబట్టలేక టి. నగర్ వెళ్ళాను. మూతికి మాస్కు, తలమీద చున్నీ. అమ్మ శనివారాలు కుట్టిన చీరలు ఇవ్వడానికి వస్తుందని తెలుసు. పాండీ బజారులో జనం మధ్య ఆమె వీపు కనిపించింది. చీరల మూట ఎడమ చంకలో, కుడికాలు కొంచెం ఈడుస్తూ. ఆ కాలునొప్పి సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. పది అడుగుల వెనక నడిచాను. ఆమె ఆగితే ఆగాను. ఒక దుకాణం మెట్లెక్కుతూ కమ్మీ పట్టుకుంది. మూట అందుకోవడానికి నా చెయ్యి ముందుకు వెళ్ళింది, నేనే వెనక్కి తీసుకున్నాను.

ఆ సాయంత్రం ఫోన్లో, "ఈ పొద్దు టి. నగర్ పోయొస్తి పాపా. ఒకటే గుంపు," అంది.

"కాళ్ళు నొప్పులా మా?"

"చుమ్మా ఉండు, ఊరికే అడగద్దు, నాకేం నొప్పులు. నీకు చలెట్లా ఉంది?"

ఎవరి అబద్ధం పెద్దదో ఆరోజు నాకు తేలలేదు. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడుతున్నాం. చెన్నై అంతా వాన. అమ్మ చెబుతోంది, బ్యానరు విప్పి మిషను తడవకుండా కిటికీకి కట్టిందట. "ఆడెట్లా ఉంది?" అంటే ఫోన్లో చూసి, "ఎండ బాగా కాస్తా ఉంది మా," అన్నాను. అంతలో నా గదిలో ఫ్యాను ఆగింది. పక్క గది పిల్ల వరండాలోకొచ్చి అరవంలో గట్టిగా కేకేసింది: "అక్కా, కరెంట్ పోచ్చు!"

అమ్మకు వినబడింది. "ఎవురు పాపా?"

"ఫ్రెండు. మన చెన్నై పిల్లే. అదేదో సినిమా డైలాగు చెప్తా ఉంది."

"సరి సరి," అంది. ఇంకేం అడగలేదు. బతికిపోయాననుకున్నాను.

సంక్రాంతి అయిపోయాక ఎవరో ఆ ఊరికే చదువుకి వెళ్తున్నారని తెలిసి అమ్మ వాళ్ళతో పప్పుల పొడి పంపింది. పుట్నాలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి. రోట్లో దంచినదే, మిక్సీ కాదు. నాకు పదిహేను మైళ్ళ దూరంలో దంచిన పొడి సముద్రాలు దాటి వెళ్ళింది. వరంగల్ అమ్మాయి ఫోన్ చేసింది. నా సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే.

"అక్కా, అమ్మ పొడి వచ్చింది. ఏం జెయ్యాలె?"

"తినెయ్. ఫోటో ఒకటి పంపు. బాగుందా?"

"మస్తుందక్కా." మళ్ళీ తనే, "ఇంకెన్ని దినాలక్కా? చెప్పరాదు అమ్మకు," అంది.

నేను మాట మార్చాను. ఆ సాయంత్రం హాస్టల్ మెస్సులో నీళ్ళ సాంబారు తిని వచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"పొడి తిన్నావా పాపా? ఎట్లుంది?"

"భలే ఉంది మా. ఉప్పూ కారం సరిగ్గా సరిపోయినాయి. నెయ్యేసుకొని రెండు ముద్దలు ఎక్కువే తిన్నా."

అవతల మిషను చప్పుడు ఆగిపోయింది. "అట్లనా," అంది అమ్మ. "సరి పాపా, పనుంది," అని పెట్టేసింది.

ఆ తర్వాత వారం రోజులూ మాట్లాడింది కానీ, ఒక్కరోజు కూడా టైమెంత అని అడగలేదు. రెండున్నరేళ్ళలో ఎన్నడూ మానని ప్రశ్న. శనివారం వరంగల్ అమ్మాయిని గట్టిగా అడిగాను, ఆ పొడిలో ఏముందని.

"ఉప్పు లేదక్కా. జర కూడా లేదు. అమ్మ మరిచిపోయినట్టుంది. బాధపడతదని నేను చెప్పలే."

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. చలి, ఎండ, క్లాసులు, గడియారాలు, అన్నీ వేసి వండిన నా అబద్ధం ఆ ఒక్క చిటికెడు దగ్గర పట్టుబడింది.

ఆదివారం నాలుగింటికి ఫోన్ చేశాను. ఇప్పుడైనా ఒక దారి ఉంది. జలుబు చేసి రుచి తెలియలేదనవచ్చు. ఆమె నమ్మినట్టు నటిస్తుంది, మళ్ళీ ఎన్నాళ్ళో నెట్టుకొస్తాం. లేదా ఈ ఫోన్లోనే ఆమె దృష్టిలో నేను మూడుసార్లు తప్పిన పిల్లనూ, ఏడు నెలలు మోసం చేసిన పిల్లనూ అవుతాను.

అమ్మ ఎత్తింది. మిషను ఆడుతూనే ఉంది.

"ఆడ టైమెంత పాపా?"

వారం తర్వాత మళ్ళీ అడిగింది. గోడ గడియారం వైపు చూశాను. నాలుగూ పది. మనసు దానంతటదే నాలుగున్నర తీసేసింది. పదకొండూ నలభై నాలుక చివరికొచ్చి నిలబడింది.

"నీకెంతయిందో నాకూ అంతేనమ్మా," అన్నాను.

మిషను ఆగింది.

"వానొచ్చిన దినమే అనుకున్నా," అంది. "కరెంటు పోయే దేశం గాదు గదా అది."

"అప్పుడే ఎందుకడగలేదు మా?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తావు. నువ్వే చెప్తావులే అనుకుంటి," అంది. "ఉప్పు లేని పొడి బాగుందంటివి చూడు, ఆ దినం తట్టుకోలేకపోతిని. యాడుందో, ఏం తింటా ఉందో నా బిడ్డ, అని."

నేను పరీక్ష సంగతి చెప్పాను. ఏడుపులో సగం మాటలు నాకే అర్థం కాలేదు. ఆమె మధ్యలో ఆపలేదు.

"కోపం లేదా మా నీకు?"

"లేకుండా యాడికి పోతుంది? వచ్చి తిడతా. మిగిలిన పొడిలో ఉప్పు కలిపి పెట్టుండా, అది కూడా తెస్తా. యాడుండావో చెప్పు, ఏ బస్సెక్కాల?"

బ్రాడ్‌వే బస్టాండులో ఎక్కి షోళింగనల్లూరులో దిగమని చెప్పాను. వద్దులే మా, నీ కాలు నొప్పి, నేనే వస్తానని అనబోయాను. అప్పటికే అవతల మిషను మీద మూత వేసిన చప్పుడు వినిపించింది.