ఉంటాను మరి

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వారంటే చెప్పడం ఆపేస్తాను. అన్నం ముందు కూర్చుని చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పన లేదు. కొడుకు మీద ఒట్టు పెట్టమని మాత్రం అడక్కండి. వాడి మీద పెట్టను. ఎందుకో మీకే తెలుస్తుంది.

తొంభైల చివర. నేను చోడవరం కాపురానికి వచ్చిన కొత్త. మా అత్తవారిది బెల్లం వ్యాపారం. ముందు ఇల్లు, వెనక పెరడు, పెరటి చివర రేకుల గోడౌన్. దాని వెనక అంతా చెరుకే. మామగారు ఆ ఏడాదే వైజాగ్ నుంచి కార్డ్‌లెస్ ఫోన్ తెచ్చారు. ఒక పెట్టె ఇంట్లో కరెంటుకి తగిలించి ఉంటుంది. చేత్తో పట్టుకు తిరిగేది ఇంకోటి. రెంటికీ మధ్య తీగ లేదు. పెరటి చివరిదాకా మాట వస్తుంది, అది దాటితే ఒట్టి గరగర. పెట్టె మీద మీట నొక్కితే చేతిలోది కీచుమంటుంది, ఇక ఇంట్లోవాళ్లూ పెరట్లోవాళ్లూ మాట్లాడుకోవచ్చు.

మా అత్తగారికి అది గిట్టేది కాదు. "తీగ లేకుండా మాటెలగొస్తాదే? గాల్లో ఎల్లిన మాట మనకే సేరతాదని నమ్మకమేటి?" అనేది.

"దాని జత దానికే తెలుస్తాదమ్మా. పక్కింటోళ్ల పెట్టె పిలిస్తే ఇది పలకదు," అని మా ఆయన నవ్వేవాడు.

ఆ రోజు అందరూ వడ్డాదిలో చుట్టాలింటికి వెళ్లారు. బాబుకి ఒళ్లు వెచ్చబడిందని నేను ఆగిపోయాను. ఉయ్యాల్లో పిల్లాడు, ఇంకా పాకడం కూడా రాదు. మామగారు వెళ్తూ వెళ్తూ, "సినుకు పడితే బెల్లం మీద పట్టా కప్పియ్యమ్మా. తడి తగిలితే అంతా నీరైపోద్ది. అనకాపల్లి నుంచి ఫోనొస్తాది, సేతిలోనే ఉంచుకో," అన్నారు.

దీపాలవేళకి మబ్బు పట్టింది. వంటగది కారుతుందని కిరోసిన్ స్టవ్ నడవలోకి తెచ్చి పాలు పెట్టాను. ఉయ్యాల కూడా అక్కడే. ఉయ్యాలంటే నా పాత చీరే, దూలానికి తాడుతో కట్టింది. ఇంతలో టప్... టప్... చినుకులు. పరుగున వెళ్లి పరుగున వద్దామనుకున్నాను. వీధి తలుపు లోపల గడియ వేశాను. కుక్కలు దూరకుండా పెరటి తలుపుకి బయట గొళ్లెం పెట్టాను. ఫోన్ పట్టుకుని గోడౌన్‌కి పరుగెత్తాను.

ఆ గోడౌన్ తలుపుకి బయట ఇనప గెడ. తలుపు విసురుగా పడితే గెడ దానంతటదే దిగిపోతుంది. అందుకే ఎవరు వెళ్లినా ఇటుక అడ్డం పెడతారు. నేనూ పెట్టాను. బెల్లం దిమ్మల మీదికి పట్టా లాగుతున్నాను... ఈదురుగాలి. ఇటుక జరిగిన చప్పుడు. దభేల్!

ఆ వెంటనే కరెంటు పోయింది.

చీకటి. ఉక్క. గొంతులో దిగే బెల్లం వాసన. రేకుల మీద వాన దంచేస్తోంది. అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. ఫోన్ నొక్కితే కుయ్‌మని ఊరుకుంది. ఊరుకోక ఏం చేస్తుంది? ఇంట్లో పెట్టెకి కరెంటు ఉండాలి కదా.

అప్పుడు గుర్తొచ్చింది... స్టవ్.

పాలు పొంగుతాయి. మంట ఎగుస్తుంది. పక్కనే చీర. చీరలో నా బిడ్డ. అమ్మ బాబోయ్! తలుపు గుద్దాను, తన్నాను, గోళ్లు చీలేదాకా గీకాను. అది కదల్లేదు. నేల మీద కూలబడి ఏడ్చాను. ఎంతసేపో తెలీదు.

కీచ్...

చేతిలో ఫోన్. ఇంట్లోంచి ఎవరో మీట నొక్కినట్టు... కీచ్... కరెంటు వచ్చిందనుకున్నాను. తలుపు సందులోంచి చూశాను. ఇల్లంతా చీకటే. ఊరంతా చీకటే.

నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాను. ముందు గరగర. తర్వాత... కిర్ర్... కాస్త ఆగి... కిర్ర్... మా ఉయ్యాల తాడు ఎడమకి వెళ్లినప్పుడే కిర్రుమంటుంది. కుడికి రాదు. అచ్చం అలాగే. బాబు వెక్కిళ్లు. ఆ వెక్కిళ్ల మీదుగా ఆడగొంతు... "ఊఁ... ఊఁ... ఊరుకోరా నాన్నా..."

"ఎవరండీ?" అన్నాను. కిర్ర్... "ఎవరైనా సరే, స్టవ్ ఆర్పండమ్మా! మీకు దండం పెడతాను!"

"ఆర్పీసేనమ్మా," అంది. పెద్దావిడ గొంతు. తొందరేం లేదు. "పాలు దింపీసేను. గుంటడు పడుకున్నాడు. నువ్వు బెంగెట్టుకోకు."

"తలుపు తియ్యండమ్మా. గోడౌన్లో ఉండిపోయాను."

ఉయ్యాల చప్పుడు... కిర్ర్... కిర్ర్...

"అది నావల్ల కాదమ్మా," అంది. తర్వాత, "ఉంటాను మరి."

ఫోన్లో ఎవరైనా అలా అంటే మనం ఏమంటాం? నా నోరూ అదే అంది. అలవాటు.

"సరే, ఉండమ్మా."

పెట్టేసిన చప్పుడు రాలేదు. ఉయ్యాల అలా వినిపిస్తూనే ఉంది... సన్నగా... ఇంకా సన్నగా... ఆ తర్వాత చేతిలో ఫోన్ బ్యాటరీ చచ్చిపోయింది.

వాన వెలిశాక మావాళ్లు వచ్చారు. వీధి తలుపు ఎంత కొట్టినా తియ్యకపోయేసరికి మా ఆయన పెరటి గోడ దూకాడు. నా గుద్దులు విని గెడ తీశాడు. "ఒసే, ఇక్కడేటి సేస్తన్నావే!" అంటున్నా ఆగలేదు నేను. పెరటి తలుపుకి నేను పెట్టిన గొళ్లెం పెట్టినట్టే ఉంది. తీసి లోపలికి పడ్డాను. స్టవ్ ఆరి ఉంది. పాలగిన్నె కింద ఉంది, మీద మూత. బాబు నిద్రపోతున్నాడు. నుదురు చల్లగా ఉంది.

కరెంటు ఇంకా రాలేదు.

"నువ్వే దింపీసి మర్సిపోయుంటావు. కంగారులో ఏటి గుర్తుంటాది?" అన్నాడు మా ఆయన. "పక్కింటి డాట్రుగారింట్లో జనరేటరుంది. ఆళ్లదీ ఇలాటి ఫోనే. ఆళ్లింట్లో మాట నీకు ఇనపడుంటాది."

"దాని జత దానికే తెలుస్తుందన్నావుగా?" అన్నాను. కానీ ఏమో... నేనే దింపానేమో. ఆలోచించగా ఆలోచించగా, దింపినట్టే అనిపిస్తుంది ఒక్కోసారి.

అత్తగారు అంతా విని ఒకటే అడిగింది. "ఉంటానంటే నువ్వేటన్నావే?"

చెప్పాను. ఆవిడ చప్పున బాబుని ఉయ్యాల్లోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఫోన్లో అందరూ అనేదే కదత్తా," అన్నాను.

"ఆవిడికి మీ ఫోను మర్యాదలు తెలుసో తెలీదో!" అంది.

అదిగో, నేను ఫోన్లో "ఉంటాను", "ఉండండి" అనకుండా "పెట్టేస్తున్నా" అని టక్కున పెట్టేస్తే పొగరనుకుంటారే, అది ఇందుకే. ఆవిడ ఆ రోజు పెట్టేసిందో, నేను ఉండమన్నానని ఉండిపోయిందో, ఇప్పటికీ తెలీదు. నా బిడ్డని కాపాడింది, కాదనను. రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. కానీ వాడి తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాలంటే మాత్రం భయం... అక్కడ అప్పటికే ఇంకో చెయ్యి ఉంటుందేమోనని.