నలభై రెండు పత్తిగింజలు

డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు మాకు ఒక ట్రాక్టరు డ్రైవరు నోట వచ్చింది. శివరాత్రికి అమరావతి నడిచి వెళ్తూ, రెండో రోజు పొద్దున పత్తిమిల్లు షెడ్డు నీడలో ఆగాం. నేను పురాణం అందుకున్నాను. మిరపకాయల బస్తాలతో వెనక నుంచి వచ్చిన ట్రాక్టరు మా ముందు ఆగింది. "మెళ్ళో ఈల ఉన్న పెద్దాయన మీవాడేనాండీ? మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర కూర్చున్నాడు. లేపితే లేవట్లేదు" అన్నాడు డ్రైవరు.

నా ఒళ్ళో ఇత్తడి చెంబు ఉంది. అందులో నలభై రెండు పత్తిగింజలు. అంతకు కాసేపటి ముందే వాటిని లెక్కపెట్టి, అందరూ వచ్చేశారని గట్టిగా చెప్పినవాణ్ణి నేనే.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేనూ మంచే రాస్తాను, కానీ కోపంతో రాస్తాను. దాచిన నిజం కూడా అబద్ధమేనని ఊరూరా అరుగుల మీద నిలబడి కేకలేసిన గొంతు నాది. ఆ ముక్క నాకు నేర్పింది శాస్త్రం కాదు, ఈయన. నేర్పి, ఆ దాచడం నాకే చేశారు.

బళ్ళో నాకు డ్రిల్లు చెప్పింది ఆయనే. నేను ఎనిమిదితో బడి మానేశాను. అట్టలూడిన గ్రంథాలు కూడబలుక్కుని, తప్పులు చదివి, దిద్దుకుని పురాణం చెప్పేవాణ్ణయ్యాను. ఊళ్ళో అందరూ నన్ను స్వామీ అంటారు. ఆయన మాత్రం చివరిదాకా ఒరేయ్ అనే పిలిచారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక మా నడకకి పెద్దయ్యారు. అంతకుముందు మాది నడక కాదు, తోపులాట. కుర్రకారు ముందు పరిగెత్తేవాళ్ళు, ముసలివాళ్ళు మైలు వెనకబడేవాళ్ళు, లారీలు మధ్యలోంచి పోయేవి. ఆయన వచ్చీ రాగానే అందరికన్నా నెమ్మదిగా నడిచే ముసలమ్మని వరస ముందు నిలబెట్టారు. ఆమె వేగమే అందరి వేగమన్నారు. ఎదురొచ్చే బండి కళ్ళకి కనపడేలా రోడ్డుకి కుడిపక్కన, ఒకరి వెనక ఒకరు నడవాలన్నారు. తాను మాత్రం అందరికన్నా చివర నడిచేవారు.

చెప్పుల దగ్గర మా ఇద్దరికీ చెడింది. ఉత్తకాళ్ళతో నడిస్తేనే పుణ్యమని నేను మైకులో చెప్పాను. ఆయన నన్ను అప్పుడే కొట్టేసిన పత్తిచేలోకి తీసుకెళ్ళి, చెప్పులు విప్పి అవతలి గట్టుదాకా నడవమన్నారు. మూడో అడుగుకే మోడు దిగింది. నెత్తురు కడుగుతూ, "పుణ్యం ఎంతొచ్చిందిరా?" అని అడిగారు. మరుసటి ఏడు మైకులో నేనే చెప్పులు వేసుకోమన్నాను. ఆయన దూరంగా నిలబడి మీసాల్లో నవ్వుకున్నారు.

ఇంకోసారి ఒక ఆడమనిషి దాహానికి ఆగలేక చేను గట్టున ఉన్న డ్రమ్ములో చెంబు ముంచింది. ఆయన వెనక నుంచి పరిగెత్తుకొచ్చి ఆ చెంబుని కాలితో తన్నారు. ఆమె ఏడుపు లంకించుకుంది. అది పురుగుమందు కలిపే డ్రమ్మని, వాసన చూడమని చెప్పి, తన సీసాలో నీళ్ళు ఆమెకిచ్చి, మధ్యాహ్నం దాకా తాను గొంతు తడుపుకోలేదు.

ఇక పత్తిగింజలు. బయల్దేరేటప్పుడు తలా గుప్పెడు ఇచ్చేవారు. ఆగిన ప్రతిచోటా మనిషికొక గింజ చెంబులో వెయ్యాలి. ఆయన చివరగా వచ్చి, గింజలు లెక్కపెట్టి, సరిపోతేనే ఈల ఊదేవారు. తన గింజ వేసేవారు కాదు. ఒకసారి అడిగాను. "లెక్కపెట్టేవాడు ఎక్కడికి పోతాడ్రా?" అన్నారు. నాకు అది నిజమే అనిపించింది.

అన్నిటికన్నా పెద్ద కట్టడి, బయల్దేరే ముందు సాయంత్రం బడి వరండాలో జరిగేది. ప్రతివాడూ లేచి తన ఒంట్లో ఏముందో అందరి ముందూ చెప్పాలి. ఆయన నోట్‌బుక్కులో రాసుకునేవారు. మొదటి ఏడు నేను నాకున్న సుగరు దాచాను. అంత గొంతు పెట్టుకుని జబ్బు మనిషినని ఎలా చెప్పను? ఉపవాసంతో నడిచి దారిలో పడిపోయాను. ఆయన నా నోట్లో బెల్లం కుక్కి, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తిడతారనుకుంటే తిట్టలేదు. మరుసటి ఏడు వరండాలో అందరికన్నా ముందు నన్నే లేపారు.

"చెప్పరా. జబ్బు దాచి నడిచేవాడు పక్కనోడి నెత్తిన బండ పెట్టినట్టే."

చెప్పాను. తల వంచుకుని చెప్పాను. నా పురాణం వినే ఆడవాళ్ళంతా చూస్తుండగా చెప్పాను. ఆ రోజు నుంచి నాకు సిగ్గు పోయింది, ఆయన మీద గురి కుదిరింది.

ఈ ఏడూ అదే వరండా, అదే నోట్‌బుక్కు. నలభై రెండు మందీ చెప్పారు. అడిగేవాణ్ణి ఎవరూ అడగలేదు. నడకలో రెండో రోజు పొద్దున మోకాలు పట్టేసిందంటూ చెంబు నా చేతికిచ్చారు. నువ్వు ముందు వెళ్ళి లెక్క చూడు, నేను మెల్లగా వస్తానన్నారు. అది మోకాలు కాదు.

దినాలు కాకముందే వాళ్ళావిడ నన్ను లోపలికి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. బ్రాడీపేట డాక్టరు రాసింది, సంక్రాంతికి ముందుది. గుండె రక్తనాళాలు మూసుకుపోయాయి, వెంటనే ఆసుపత్రిలో చేరాలి, సందు చివర దాకా కూడా నడవకూడదు.

"నాకూ చెప్పలేదండీ. పంచెల కింద దొరికింది" అన్నారామె. నోట్‌బుక్కు కూడా ఇచ్చారు. "మీ అందరి జబ్బులూ ఇందులో ఉన్నాయి. ఆయనది లేదు."

పదకొండో రోజు నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. లేచి, ఈయన మనందరికీ ద్రోహం చేశాడన్నాను. పందిట్లో గోల లేచింది. ఒకాయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయాడు. లోపలి నుంచి వాళ్ళావిడ గొంతు వినపడింది, చెప్పనివ్వండి అని. నేను పందిట్లోంచి బయటికి వచ్చేశాను. మర్నాటి నుంచి ఊళ్ళో నడక మానేద్దామన్న మాట మొదలైంది. పెద్దే దారిలో పోయాక ఇంకెవరి ధైర్యంతో నడుస్తామన్నారు. నీ మాట ఏమిటని నన్నడిగారు. ఆయన మీద కోపంతో, మానేద్దామనే చెప్పాలనుకున్నాను.

చెప్పే ముందు ఒకసారి ఆ కల్లం చూసిరావాలనిపించి, బస్సెక్కి వెళ్ళాను. కాయలు చాలావరకు ఎత్తేశారు. నేల ఇంకా ఎర్రగా ఉంది. తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ముసలామెకి ఆయన బాగా గుర్తున్నారు. నీళ్ళిచ్చింది ఆమే. ఈల నోట్లో పెట్టుకున్నారట, ఊపిరి చాల్లేదట. ముందు వెళ్తున్న మా వరసని చూస్తూ వేళ్ళు మడుస్తున్నారట.

"మీవాళ్ళని కేకెయ్యమంటావా అయ్యా అనడిగాను" అందామె. "అక్కర్లేదమ్మా, మావాళ్ళు వెనక్కి చూస్తారు అన్నాడు. కాసేపటికి తల వాలిపోయింది. అప్పుడు ట్రాక్టరు అబ్బాయిని తరిమాను."

నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. అన్నదమ్ములు వరసగా స్వర్గానికి నడుస్తూ ఒక్కొక్కరే పడిపోతుంటే, పెద్దవాడు వెనక్కి తిరిగి చూడకుండా సాగిపోతాడు. ప్రతి ఏడూ దారిలో అది చెప్పి జనాన్ని ఏడిపించేవాణ్ణి. మాస్టారు ఒకసారి విని అన్నారు, "అది పైకి పోయేవాళ్ళ లెక్కరా. మనం ఇళ్ళకి తిరిగి రావాల్సినవాళ్ళం. మనం వెనక్కి చూడాల్సిందే."

ఆయన దాచారు. అది తప్పే, నేను మాట వెనక్కి తీసుకోను. కానీ ఆయన కూర్చున్నచోటే నేనూ కూర్చున్నాను. అక్కడి నుంచి రోడ్డు తిన్నగా, పత్తిమిల్లు షెడ్డు దాకా కనపడుతోంది. ఆ రోజు వెనక్కి చూడకుండా పోతున్న మా వరస, మొదటి మనిషి వీపు దాకా ఆయనకి కనపడి ఉంటుంది. నలభై రెండు వీపులు, రోడ్డుకి కుడిపక్కన, ఒకటి వెనక ఒకటి, ఆయన నేర్పినట్టే.