పైకా, కిందకా?

కంప్యూటరంటే మా మేనేజరుగారికి గిట్టదని అందరితో అన్నాను. అది అన్యాయం. ఉప్పాడ దగ్గర రొయ్యల హేచరీలో నాకు ఎక్సెల్ నేర్పిందే ఆయన. నేను ఎంటర్ నొక్కబోతే చేయి అడ్డుపెట్టి, జవాబు వెళ్లాల్సింది "పైకా, కిందకా?" అని ముందే అడిగేవారు. నాకు చిరాకేసేది.

ఓసారి ఆయన లేనప్పుడు, నీళ్లు శుద్ధి చేయడానికి తొట్టెలో వేసిన క్లోరిన్ ఎప్పటికి పోతుందో ఎక్సెల్‌లో లెక్కగట్టాను. స్క్రీన్ మీద అది గంటగంటకూ పెరిగిపోతోంది! రొయ్యపిల్లలకు సిద్ధం చేసిన నీళ్లు అవే. కంగారుగా పారబోయించబోతుంటే ఆయన వచ్చి స్క్రీన్ చూశారు.

"ఏంటయ్యా, క్లోరిన్ పిల్లలు పెడుతోందా?" అని నవ్వి, ఎక్స్‌పొనెన్షియల్ ఫార్ములాలో నేను మరిచిన మైనస్ పెట్టారు. గ్రాఫ్‌లో గీత కిందికి జారింది.

క్లోరిన్ పోయాక పిల్లల్ని వదిలాం. బలంగా ఉన్నవి వెలుతురు కోసం పైకొస్తాయి. ఆయన తొట్టెమీదికి వంగి, "పైకా, కిందకా?" అన్నారు.

"పైకేనండీ!" అన్నాను, ఊపిరి పీల్చుకుని.