రెండు కమాన్ పట్టీలు, ఒక్క మాట

మొన్న మనవడు తన పాత కారుకి వెనక స్ప్రింగులు మార్పించి, "అమ్మమ్మా, ఇక మలుపుల్లో ఊగదు, కూర్చో" అని బందరు రోడ్డు మీద తిప్పాడు. నిజమే, ఊగలేదు. వాడు మెచ్చుకోలు కోసం అద్దంలోంచి చూస్తుంటే, నాకేమో యుద్ధం నాటి మా కారూ, మా బావగారూ గుర్తొచ్చి ఒళ్లు మండింది. బావగారు అనడం అలవాటు కొద్దీ, గౌరవం కొద్దీ కాదు. పోయినవాణ్ణి ఏమీ అనకూడదని మా కోడలు అంటుంది. నేనంటాను.

మా ఆయనా, మా అక్క మొగుడైన ఈ బావగారూ ఇద్దరూ బెజవాడ నుంచి బందరుకి బాడుగ కార్లు తోలేవారు. పెట్రోలు దొరకని రోజులు. కారు వెనకాల బొగ్గుల డ్రమ్ము బిగించి, ఆ గ్యాసు మీద నడిపేవారు. ఆ బరువుకి మా పాత కారు వెనక్కి కుంగిపోయి, మలుపు వస్తే చాలు నిండు చూలాలిలా ఊగేది. ఒకరోజు నేనూ అందులో ఉన్నాను. ఉయ్యూరు ఇవతల కాలవగట్టు మలుపులో, ముందుగా వెళ్లి బేరాలు పట్టాలని బావగారు మమ్మల్ని దాటబోయి అంచుకి నెట్టాడు. మా కారు వెనక భాగం జారి కాలవలో పడింది. నా మోకాలు విరిగింది. బావగారు ఆగలేదు. పైగా మా పుట్టింట్లో, వెదురుబద్దల కట్టుతో నేను మంచం మీద పడుంటే, "ఊగే కారుకి రోడ్డెందుకండీ, కాలవే నయం" అన్నాడు. అందరూ నవ్వారు. మా అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

మా ఆయన మెతక మనిషి. "పోనిద్దూ" అన్నారు. పోనిచ్చే రకాన్ని కాదు నేను. బావగారిని అదే కాలవలో, అదే బురదలో చూడాలి. కాలు కూడుకోగానే ఉయ్యూరు కమ్మరి కొలిమి దగ్గర పీట వేయించుకుని కూర్చున్నాను. వెనక చక్రాల మీది కమాన్ కట్టలు, అంటే స్ప్రింగు పట్టీల దొంతరలు, విప్పించి, పాత లారీ పట్టీలు కాల్పించి, వంపు పెట్టించి, కట్టకి రెండేసి అదనంగా వేయించాను. అరిగిన పిన్నులూ బుష్షులూ మార్పించాను. "ఇంత బిగువైతే లోపల కూర్చున్నోళ్ల నడుం విరుగుద్దండీ అమ్మగారూ" అన్నాడు కమ్మరి. "విరగనీ. మలుపులో మాత్రం తొణకకూడదు" అన్నాను. ప్రతి సుత్తి దెబ్బా బావగారి నెత్తిన పడుతున్నట్టు ఎంత హాయిగా ఉండేదో!

వారం తిరక్కుండా అదే మలుపులో బావగారి కారు ముందు కనబడింది. "దాటండి" అన్నాను. మా కారు ఈసారి ఊగకుండా, నేలని కరుచుకున్నట్టు వెళ్లి పక్కకి చేరింది. కాలవ వైపు బావగారు, ఇవతల మేము. ఆయన బండి వెనక ఊగుతోంది, మొహం నిండా చెమట. వెనక సీట్లో తలుపు పట్టుకుని మా అక్క ఉంది. జానెడు అటు తిప్పితే చాలు. "తొయ్యండి!" అని అరిచాను. మా ఆయన తొయ్యలేదు. చోటు వదిలి, నిదానంగా దాటించారు. నేను ఆయనతో పదిరోజులు మాట్లాడలేదు.

తర్వాత అక్క మా ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, "ఏమే, ఆ 'తొయ్యండి' నన్ను చూడకముందు అన్నావా, చూశాక అన్నావా?" అని అడిగింది.

"చూడకముందే అక్కా" అన్నాను.

"అంతేలే" అని కళ్లు తుడుచుకుని, లోపలికొచ్చి కాఫీ తాగింది.

అబద్ధమాడాను. చూశాకే అన్నాను, చూశాను గనకే అంత గట్టిగా అన్నాను. అక్క బతికున్న ముప్పై ఏళ్లలో ఆ నిజం చెప్పడానికి నాకు ఒక్క పూట దొరకలేదు. ఆమె పోయాక ప్రతి పూటా చెబుతూనే ఉన్నాను.