పాటలో లేని దరువు

దెయ్యాలను నేను నమ్మను. ముందూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది చదివాక మీరు ఏమనుకున్నా నాకు బాధ లేదు.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. గనులు మూతపడ్డాక మా ఊరికి 'దెయ్యాల ఊరు' అని పేరు పెట్టి వీడియోలు చేసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ మనుషులం ఉన్నాం. చాలామంది చీకటితోనే లేచి బెంగళూరు రైలెక్కి ఉద్యోగాలు చేసి వస్తున్నారు. నేనైతే ఊళ్లోనే, రాబర్ట్‌సన్‌పేటలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను.

ఆ మంటలోంచే నాకొక అలవాటు పుట్టింది. సాయంత్రం పేపర్లు దిద్దడం అయ్యాక ఫోన్‌లో మా ఊరి పేరు కొట్టి, కొత్తగా ఎవరు ఏం పెట్టారో వెతుకుతాను. సినిమాలతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు కట్టుకుని, వాటికి వీడియోలు తీసుకునే పిల్లలు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లకు బంగారం తీశాక పారబోసిన మట్టితో లేచిన మా సైనైడ్ దిబ్బలన్నా, పాడుబడ్డ షెడ్లన్నా మోజు. మా ఊరిని శ్మశానంలా చూపించినవాళ్లను కామెంట్లలో కడిగి పారేస్తాను. నిజం చెప్పాలంటే, తిట్టడానికి వెళ్లి చాలామంది పాటలకు అభిమానినైపోయాను కూడా.

అలా తగిలిందే ఈ ముగ్గురి పాట. పాడే అమ్మాయి నిత్య, శ్రీనివాసపురంలో మామిడి తోటలవాళ్ల బిడ్డ. డ్రమ్ములు వాయించే జోయెల్‌ది లక్కూరు. హరి గిటారు వాయిస్తాడు, వీడియో కూర్చేదీ అతనే. అప్పటికి ఆ పాట చూసినవాళ్లు వందల్లోనే ఉన్నారు. సగం తెలుగు, సగం కన్నడం. మమ్మల్ని ఎవరూ ఇక్కడినుంచి కదిలించలేరు అని మొండిగా పాడుతుంది. నాకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. మళ్లీ చూశాను.

రెండోసారి చూసినప్పుడు విన్నాను ఆ దరువు.

రెండో చరణంలో నిత్య పాత గని స్టోరు షెడ్డులో నడుస్తూ పాడుతుంది. ఉక్కు దూలాల మీద ఇటుకలు పేర్చిన కప్పు. పాట వెనక ఇనుము రాయికి తగిలిన చప్పుడు. టకటక రెండు, కాస్త ఆగి ఒకటి. ఆమె నడిచినకొద్దీ ఆ చప్పుడూ నడుస్తుంది. ఖంగున మోగుతూ వచ్చి, ఆమె ఎడమ మూలకు చేరేసరికి డొల్లగా మారుతుంది. అక్కడే మూడుసార్లు కొట్టి ఆగిపోతుంది.

మా నాయన దేవసహాయం గనిలో టింబర్‌మన్. కొయ్యలు నిలబెట్టి కప్పు కూలకుండా కాపాడే పని. కొత్త చోటికి వెళ్లగానే ముందు ఇనుప కడ్డీతో కప్పు కొట్టి వింటారు. గట్టి రాయైతే ఖంగుమంటుంది, వదులైందైతే డొల్లగా పలుకుతుంది. ఎవరి కొట్టుడు వాళ్లది. మా నాయనది టకటక రెండు, ఆగి ఒకటి. మధ్యలో ఆగేది వినడానికి.

ఆ అలవాటు ఆయన ఇంటికీ తెచ్చాడు. నాకు సంబంధం చూడటానికి కామసముద్రం వెళ్లినప్పుడు పెళ్లికొడుకు ముఖం కూడా సరిగ్గా చూడలేదు, గొడుగు కర్రతో వాళ్ల కప్పు కొట్టి చూశాడు. మా అత్త ఇప్పటికీ ఆ మాట ఎత్తి నవ్వుతుంది. గనులు మూసేదాకా పనిచేశాడు, తర్వాత కొన్నేళ్లకు ఊపిరితిత్తుల్లో దుమ్ముతో పోయాడు.

వీడియో విని నేను అనుకున్నది ఒక్కటే. ఆ జోయెల్ ఎవరో గనివాళ్ల మనవడై ఉంటాడు, తాత దగ్గర నేర్చుకుని పాటలో కలిపి ఉంటాడు అని. గనివాళ్ల ఇళ్లలో పుట్టిన మాకు అంతకుమించి తోచదు. మెచ్చుకుంటూ రాశాను, ఎవరు నేర్పారని అడిగి నా నంబరు ఇచ్చాను. రెండు రోజులకు నిత్య ఫోన్ చేసింది.

"మేము కొట్టలేదు మేడం. నేనేమో జోయెల్ కలిపినాడనుకొన్నాను. జోయెల్ హరి కలిపినాడనుకొన్నాడు. బాగుండాదని అట్లే పెట్టేసినాము."

పాట మొత్తం మాలూరులో ఒక గదిలో రికార్డు చేశారట. షెడ్డులో స్పీకరులో పాట పెట్టుకుని పెదాలు కదిపారంతే. అక్కడి చప్పుడు ఏదీ వీడియోలోకి తీసుకోలేదు. ఉత్త పాట ఫైలు పంపించారు. అందులో ఆ దరువు లేదు. వీడియోలో ఉంది.

నా చెవుల మీద నాకే అనుమానం వచ్చి రత్నం మామ దగ్గరికి వెళ్లాను. నాయనతో కలిసి పనిచేసిన ముసలాయన. ఏమీ చెప్పకుండా ఫోన్ చేతికిచ్చాను. రెండో చరణం రాగానే ఆయన వేలు పైకెత్తాడు, మాట్లాడొద్దన్నట్టు.

"దేవసహాయం కొడతా ఉండాడు," అన్నాడు. మూల దగ్గర చప్పుడు మారేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆ మూల చెడిపోయి ఉండాది. పిల్లోళ్లను ఆడికి పోనీయద్దమ్మా."

నేను అక్కడే ఫోన్ తీసి నిత్య నంబరు వెతికాను. ఎందుకంటే ఆ ఆదివారం మధ్యాహ్నమే అదే షెడ్డులో వాళ్లు పాటల కార్యక్రమం పెట్టుకున్నారు. వాళ్ల మొదటి కార్యక్రమం. ఎడమ మూలే వేదిక.

నిత్యకు చెప్పాను. పాపం, గౌరవంగానే మాట్లాడింది కానీ వినలేదు. అందరినీ పిలిచేశామంది. ఇంట్లో మా ఆయన, "చచ్చిపోయినాయన కొట్టినాడని చెప్తే ఊరంతా నవ్వతారు, ఊరికే ఉండు," అన్నాడు. నవ్వనీ అన్నాను. నేను చెప్పబోయేది దెయ్యం సంగతి కాదు, కప్పు సంగతి.

ఆదివారం ముందుగానే ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి షెడ్డు గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. డ్రమ్ములు పొద్దున్నే లోపల పెట్టేశారు. తెచ్చుకుంటానని జోయెల్ బతిమాలాడు. పోనివ్వలేదు. వచ్చినవాళ్లు గుసగుసలాడుకున్నారు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి, టీచరుకు ఏమో అయిందని ఫోన్‌లో ఎవరికో చెప్పడం నాకు వినిపించింది. సిగ్గేసింది. అయినా లేవలేదు.

చివరికి ముగ్గురూ కోపంగానే బయట ఎండలో పాడటం మొదలుపెట్టారు. జోయెల్ ఒక నీళ్ల డబ్బా బోర్లించి వాయించాడు. మూడో పాట మధ్యలో నా వెనక పెద్ద చప్పుడు. వెనక్కి తిరిగితే గుమ్మంలోంచి ఎర్రటి దుమ్ము. ఎడమ మూల కప్పు దూలంతో సహా కూలిపోయింది. డ్రమ్ముల మీద.

ఎవరికీ ఏమీ కాలేదు. నిత్య వచ్చి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను ఏడ్చాను. అందరిముందూ ఏడ్చాను.

తర్వాత నానా మాటలూ వచ్చాయి. ఇదంతా పాటకు ప్రచారమని కొందరు రాశారు. నాయన ఆత్మకు శాంతి లేదు, ఇంట్లో ప్రార్థన పెట్టించమని మా చర్చి పెద్ద ఒకాయన చెప్పాడు. పెట్టించను అన్నాను. ముప్పై ఏళ్లు మనుషుల్ని కాపాడిన మనిషికి శాంతి లేకపోవడమేమిటి? దెయ్యాల కార్యక్రమం చేసేవాళ్లు కెమెరాతో వస్తే గేటు దగ్గరినుంచే పంపేశాను.

పాత కట్టడం, ఎప్పుడో ఒకప్పుడు కూలేదే అని మీరంటారు. అనండి. నేనూ లెక్కల టీచరునే, ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆ దరువు వీడియోలోకి ఎలా వచ్చిందో మాత్రం ఇప్పటికీ లెక్క తేలలేదు. హరి తన కంప్యూటరులో ముక్క ముక్కా వెతికాడు. అతనికీ తేలలేదు.

పోయిన నెల జోయెల్ ఇంటికొచ్చాడు. వీడియో కింద గాత్రం, గిటారు, డ్రమ్ములు అని ముగ్గురి పేర్లూ ఉంటాయి కదా, దరువు అని ఇంకొక వరుస వేస్తామన్నాడు.

"ఎవరి పేరు వేసేది మేడం?"

దెయ్యాలను నమ్మనిదాన్ని. అయినా మా నాయన పేరు చెప్పాను, ఒక్క అక్షరం తప్పుపోకుండా రాయమన్నాను.