తువ్వాల కింద చిటికెన వేలు

మా అమ్మాయి కూతురు భూపాలపల్లి దగ్గర హాస్టలు బడిలో ఏడో తరగతి చదువుతోంది. మొన్న సెలవులకు మానుకోటలో మా ఇంటికి వచ్చి, నా ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంది. కీబోర్డు వైపు చూడకుండా కొట్టడం బడిలో నేర్పుతున్నారట. "అమ్మమ్మా, జర నీ కొంగు నా చేతుల మీద కప్పవా? మా మేడమ్ చూడొద్దన్నది" అంది. పిల్ల అడిగింది చిన్న సాయమే. కానీ నా కొంగు ఆ చేతుల మీద పడగానే నా ఎడమచెయ్యి దానంతటదే ఒడిలోకి పోయి దాక్కుంది, పాత భయం తిరిగొచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషిని, ఆఫీసులో నలభై ఏళ్లు టైపు కొట్టి రిటైరైనదాన్ని, మీటలను చూసి ఇంకా భయమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. భయం తగ్గాక నేనూ నవ్వుకుంటాను.

రేగొండ వైపు మా ఊరి బడిలో నేను పదో తరగతికి వచ్చిన ఏడాది నాలుగు టైపు మిషన్లు దిగాయి. ఏదో ఆఫీసువాళ్లు వద్దని తీసేసినవి. ఒకదానికి వరుస చివర మోగాల్సిన గంట మోగదు, ఇంకొకదాన్ని వరుస మార్చడానికి తోస్తే బల్ల మొత్తం కదిలేది. వాటితోపాటు ఒక సారు కూడా వచ్చాడు. ఆయన పేరు ఎవరూ పలికేవారు కాదు, టైపు సారు అంటే చాలు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాట చాలా మెల్లగా వచ్చేది. అరిచే మాస్టర్లకు మేం అలవాటుపడిపోయాం గాని, ఈ మెల్లగా మాట్లాడే మనిషిని చూస్తే మాత్రం అందరికీ భయం వేసేది. ఆయన నియమం ఒక్కటే. ఏ వేలి మీట ఆ వేలితోనే కొట్టాలి, చూడకుండా కొట్టాలి. తప్పితే మర్నాటి నుంచి రావద్దు. మిషన్లు నాలుగే, నేర్చుకునేవాళ్లు బోలెడు మంది కాబట్టి ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మేం కిందికి చూడకుండా మిషన్ మీద, చేతుల మీద కలిపి ఒక తువ్వాల కప్పేవాడు. నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకరోజు తువ్వాల అంచు ఎత్తి చూసింది. సారు ఆమె కాగితం బయటికి తీసి చేతికిచ్చాడు. ఆ అమ్మాయి మళ్లీ ఆ గదిలోకి రాలేదు.

నా భయం ఆమె భయం కంటే పెద్దది. ఆరో తరగతిలో వరి కోస్తుంటే కొడవలి జారి నా ఎడమచేతి చిటికెన వేలికి లోతుగా తెగింది. గాయమైతే తగ్గింది గాని వేలు మళ్లీ వంగలేదు, పుల్లలా నిలబడి ఉండేది. టైపులో మొదటి పాఠం, అందులో మొదటి అక్షరం ఇంగ్లీషు 'ఏ'. అది ఆ వేలిదే! చేసేదేమీ లేక దాని పక్క వేలితో కొట్టేదాన్ని. చేతుల మీద తువ్వాల ఉంది కాబట్టి బతికిపోయాను. మిగతా పిల్లలంతా ఆ తువ్వాలను తిట్టుకునేవారు. నేను మాత్రం సారు దాన్ని కప్పేదాకా ఎడమచెయ్యి ఒడిలో దాచుకుని కూర్చునేదాన్ని. ఇంట్లో నువ్వుల నూనె కాచి రుద్దాను, దారంతో పక్క వేలికి కట్టుకుని పడుకున్నాను. వేలు వాచింది, అంతే.

ఇంతా ఎందుకంటే, మానుకోటలో ఒక ఆఫీసులో అటెండరుగా ఉన్న మా మేనమామ, టైపులో మొదటి మెట్టైన లోయర్ పరీక్ష పాసైతే తమ ఆఫీసులోనే పని దొరుకుతుందని చెప్పాడు. మా బాపు ఆలోచించి, "పాసైతె మామ దగ్గరికి పంపుత. కాకుంటె మిరపతోట ఉండనే ఉన్నది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అవ్వ చేత, అంటే మా అమ్మ చేత, బతిమాలించి ఉండేదాన్ని. ఆయన ఉన్నమాట అన్నాడు. నా మొదటి కాగితం ఇంటికి తెస్తే, దాన్ని వెలుతురుకు పట్టుకుని, ఉన్న అక్షరాలే మళ్లీ మళ్లీ వరుసగా రావడం చూసి, "గిదేం మంత్రమే? దయ్యం పట్టినోళ్లకు సదివేటిదా?" అని అడిగాడు. అవ్వ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.

హనుమకొండలో పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా సారు నన్నొక్కదాన్నే ఆగమన్నాడు. గదిలో నూనె, రిబ్బను సిరా కలిసిన వాసన. బల్ల మీద ఆ ఏడాది మేమందరం కొట్టిన కాగితాలు పరిచి ఉన్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను. మిరపతోట, ఘాటుకు మండే చేతులు, అన్నీ కళ్లముందు కనిపించాయి.

"ఇటు రా. గీ కాగితాల్ల 'ఏ' అక్షరం చూడు" అన్నాడు. చూశాను. నాకేమీ అర్థం కాలేదు. "అందరిది పాలిపోయింది. చిటికెన వేలుకు బలముండదు గద. నీ ఒక్కదానిది కాటుక లెక్క నల్లగున్నది. ఎందుకు?"

ఎడమచెయ్యి వెనక్కి పోయింది. ఆయన చెయ్యి చాపమన్నాడు. వంగని వేలిని కాసేపు చూశాడు. "మొదటి వారమే తెలిసిందిలే" అన్నాడు.

"మరి నన్నెందుకు తీసెయ్యలేదు సార్?"

"కాగితం తప్పు రాలేదు. చూడకుండనే కొడుతున్నవు. వేలు వంగదని తీసేస్తనా?" అని, కాగితాలు సర్దుతూ, "పరీక్ష గదిల తువ్వాల ఉండదు. చెయ్యి దాసుకోకు. దాసుకుంటె కిందికి చూస్తవు" అన్నాడు.

ఏడ్చాను. ఏడుపులో సగం కోపమే. మొదటి వారమే తెలిసిన మనిషి అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే, నేను ఆ ఏడాదంతా కడుపునిండా తినేదాన్ని, కంటినిండా నిద్రపోయేదాన్ని. పదిమందిలో చెబితే తన నియమం తనే తప్పినట్టవుతుందని భయపడ్డాడేమో. ఆ సంగతి ఆయన్ని అడిగే ధైర్యం ఏనాడూ రాలేదు. పరీక్ష గదిలో నా వెనక ఎవరో చెప్పుల చప్పుడుతో తిరుగుతూనే ఉన్నారు. చెయ్యి దాచుకోలేదు. పాసయ్యాను, మామ దగ్గరికి వెళ్లాను, ఆ ఉద్యోగంతోనే ఇల్లు కట్టాను. అయినా నేను టైపు కొడుతుంటే ఎవరైనా వెనక నిలబడితే ఇప్పటికీ వేళ్లు ఆగిపోతాయి.

"అమ్మమ్మా, ఇప్పుడు నువ్వు కొట్టు" అని మనవరాలు ల్యాప్‌టాప్ నా వైపు జరిపింది. నా చేతుల మీద కొంగు కప్పబోతుంటే వద్దన్నాను. ఒక వరుస కొట్టాను. పిల్ల నా చెయ్యి వైపు వంగి, "గా వేలు ఎందుకట్ల నిలబడ్డది?" అని అడిగింది. దాని కళ్లలో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు. మా అమ్మాయికి కూడా చెప్పని కథ మొదటిసారి దానికి చెప్పాను. అంతా విని, పిల్ల తెర మీది 'ఏ'ల వైపు వేలు చూపించి, "నీవీ నావీ ఒక్కతీరే ఉన్నయి కదా" అంది. నిజమే, అన్నీ ఒకే నలుపు. ఏ వేలు ఎంత భయపడుతూ కొట్టిందో కాగితాన్ని చూసి చెప్పే మనిషి ఇప్పుడు లేడు, చెప్పే కాగితమూ లేదు. ఈ కాలంలో ఆ సంగతి మనమే నోరు విప్పి చెప్పుకోవాలి.